పాలారు గట్టు నుంచి ప్రపంచ రాజకీయాలు: అంతర్జాతీయ సంబంధాలను చదివే పద్ధతి

రాజ్యాలు ఒకదానితో ఒకటి ఎందుకు చేతులు కలుపుతాయి, ఎందుకు కయ్యానికి దిగుతాయి, ఆ కయ్యాలను ఏ నియమాల ప్రకారం తీర్చుకుంటాయి, లేదా తీర్చుకోకుండా తరాల పాటు ఎందుకు నానబెడతాయి అన్న ప్రశ్నలను పద్ధతి ప్రకారం పరిశీలించే శాస్త్రాన్ని అంతర్జాతీయ సంబంధాలు అంటారు. రాజనీతి ఎంత పాతదైనా, విశ్వవిద్యాలయ పాఠ్యాంశంగా ఇది వయసులో చిన్నది. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసిన మరుసటి ఏడాది, 1919లో, వేల్స్‌లోని అబరిస్ట్‌విత్ విద్యాలయంలో దీనికోసం తొలి ఆచార్య పీఠం ఏర్పడింది. నేడు సివిల్ సర్వీసుల అభ్యర్థులు, జర్నలిజం విద్యార్థులు, ఎగుమతి వ్యాపారంలో ఉన్నవారు, విదేశాలలో పిల్లలున్న తల్లిదండ్రులు కూడా దీనివైపు చూస్తున్నారు గాని, చాలామంది దినపత్రికలోని విదేశీ వార్తలను, టీవీ చర్చలను పోగుచేసుకోవడమే అధ్యయనం అనుకుని, ఏడాది తిరిగేసరికి పేర్లు, తేదీలు తప్ప చేతిలో ఏమీ మిగలక నిరుత్సాహపడుతున్నారు.

ఈ అధ్యాయం మరో మార్గాన్ని సూచిస్తుంది. ప్రపంచాన్నంతా ఒకేసారి పట్టుకోవాలని చూడకుండా, తాను ఉంటున్న చోటికి ప్రపంచం ఏ రూపంలో వచ్చి చేరుతోందో గుర్తించి, ఆ ఒక్క విషయాన్ని మూలం దాకా తవ్వడమే ఆ మార్గం. ఎవరు నిర్ణయించారు, ఆ నిర్ణయాన్ని అమలు చేయించగలిగేది ఎవరు, దాని ఖర్చు ఎవరి మీద పడింది అన్న మూడు ప్రశ్నలను ప్రతి సందర్భంలోనూ విడవకుండా అడగగలిగినవారికి సిద్ధాంతాలు వాటంతట అవే అర్థమవుతాయి. రాజధానులకు, ఓడరేవులకు దూరంగా ఉన్న మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాన్ని ఇక్కడ ఉదాహరణగా తీసుకోవడానికి కారణం ఇదే: ఈ పద్ధతికి కావలసిన సరుకు ఇక్కడ పుష్కలంగా ఉంది.

మొదట కుప్పం సంగతి. ఆంధ్రప్రదేశ్‌కు నైరుతి కొసన, ఒకవైపు కర్ణాటక, మరోవైపు తమిళనాడు సరిహద్దుల మధ్య ఈ పట్టణం ఉంది. కర్ణాటకలో పుట్టి, కోలారు జిల్లా మీదుగా వచ్చే పాలారు నది కుప్పం ప్రాంతంలో దాదాపు 33 కిలోమీటర్లు పారి తమిళనాడులో ప్రవేశిస్తుంది. అక్కడ 200 కిలోమీటర్లకు పైగా సాగి బంగాళాఖాతంలో కలుస్తుంది. ఏడాదిలో ఎక్కువ కాలం ఇసుక తప్ప నీరు కనిపించని ఈ నది మీద 1892లో మద్రాసు, మైసూరు ప్రభుత్వాలు ఒక ఒప్పందం చేసుకున్నాయి. ఒప్పందపు జాబితాలో ఉన్న నదుల మీద ఎగువనున్న మైసూరు కొత్త జలాశయాలు కట్టాలంటే దిగువనున్న మద్రాసు సమ్మతి తీసుకోవాలన్నది దాని సారం. ఆ తరువాత మద్రాసు రాష్ట్రం చీలింది, 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది, కుప్పం కొత్త రాష్ట్రంలోకి వచ్చింది. కుప్పం దగ్గర గణేశపురం వద్ద జలాశయం కట్టాలని ఆంధ్రప్రదేశ్ తలపెట్టినప్పుడు, తమిళనాడు 1892 నాటి ఒప్పందాన్ని చూపి 2006లో సుప్రీంకోర్టును ఆశ్రయించింది. చెక్‌డ్యాంల ఎత్తు పెంపు మీద 2016లో వివాదం మళ్ళీ రాజుకుంది.

అంతర్జాతీయ జలవివాదాలను చదవబోయే విద్యార్థికి ఇంతకన్నా మంచి పాఠం దొరకదు. ఎగువ రాజ్యం, దిగువ రాజ్యం అన్న పదాలకు అర్థం ఇక్కడ కళ్ళెదుట కనిపిస్తుంది. పైగా కర్ణాటకకు దిగువన, తమిళనాడుకు ఎగువన ఉన్న కుప్పంలో ఒకే ప్రభుత్వం ఒక పొరుగువారితో దిగువవాడి వాదనను, మరొక పొరుగువారితో ఎగువవాడి వాదనను వినిపించవలసి వస్తుంది. సింధు నది విషయంలో పాకిస్తాన్‌కు ఎగువన, బ్రహ్మపుత్ర విషయంలో చైనాకు దిగువన ఉన్న భారతదేశపు పరిస్థితి సరిగ్గా ఇదే. ఒప్పందం చేసుకున్న ప్రభుత్వం చీలిపోతే దాని హక్కులు, బాధ్యతలు ఎవరికి సంక్రమిస్తాయన్న ప్రశ్నను అంతర్జాతీయ న్యాయశాస్త్రం రాజ్య వారసత్వం అనే శీర్షిక కింద చర్చిస్తుంది. సోవియట్ యూనియన్ 1991లో విచ్ఛిన్నమైనప్పుడు భద్రతామండలి స్థానం రష్యాకు ఎలా దక్కిందన్నది కూడా ఆ శీర్షిక కిందికే వస్తుంది.

పోలిక ఎక్కడ ఆగిపోతుందో గమనించినప్పుడే అసలు పాఠం మొదలవుతుంది. పాలారు మీద తగవు వస్తే తలుపు తట్టడానికి సుప్రీంకోర్టు ఉంది. రాజ్యాంగపు 131వ అధికరణం రాష్ట్రాల మధ్య దావాను ఆ న్యాయస్థానానికి అప్పగించింది, 262వ అధికరణం నదీజల వివాదాలకు ప్రత్యేక చట్టం చేసే అధికారాన్ని పార్లమెంటుకు ఇచ్చింది, ఆ అధికారంతోనే 1956లో అంతర్రాష్ట్ర నదీజల వివాదాల చట్టం వచ్చింది. తీర్పు ఆలస్యం కావచ్చు, నచ్చకపోవచ్చు, కాని తీర్పు చెప్పేవారు ఉన్నారన్న విషయంలో ఏ రాష్ట్రానికీ అనుమానం లేదు. సింధు జలాల సంగతి అలా కాదు. ప్రపంచబ్యాంకు మధ్యవర్తిత్వంతో 1960 సెప్టెంబరు 19న కరాచీలో కుదిరిన ఒప్పందాన్ని, 2025 ఏప్రిల్‌లో పహల్గాం ఉగ్రదాడి జరిగిన మరునాడే భారతదేశం నిలుపుదలలో పెట్టింది; పాకిస్తాన్ అభ్యంతరం చెప్పింది; హేగ్‌లోని మధ్యవర్తిత్వ న్యాయస్థానానికి ఈ విషయంలో అధికారమే లేదని భారతదేశం అంటోంది. రెండు పక్షాలనూ కట్టడి చేయగల పై అధికారం లేని ఈ స్థితిని శాస్త్ర పరిభాషలో అరాచక వ్యవస్థ అంటారు. అల్లకల్లోలం అనే అర్థంలో ఆ మాట వాడరు. సార్వభౌమ రాజ్యాల మీద ప్రభుత్వం లేదన్నంత వరకే దాని భావం. ఈ ఒక్క సంగతి మనసుకు పట్టినవారికి, ఐక్యరాజ్యసమితి ఫలానా యుద్ధాన్ని ఎందుకు ఆపలేకపోతోందన్న ప్రశ్న ఆశ్చర్యం కలిగించదు. భద్రతామండలిలో అయిదు శాశ్వత సభ్యదేశాలకు వీటో ఉన్నంతకాలం, ఆ అయిదింటిలో ఒకటి పక్షంగా ఉన్న తగాదాలో మండలి న్యాయమూర్తి పాత్ర వహించలేదు.

ఇదే భేదాన్ని మామిడి పంట మరోవైపు నుంచి చూపిస్తుంది. 2025 జూన్‌లో తోతాపురి ధర పడిపోయి, గుజ్జు కర్మాగారాల ముందు ట్రాక్టర్లు బారులు తీరిన రోజులలో, చిత్తూరు జిల్లా యంత్రాంగం కర్ణాటక నుంచి తోతాపురి కాయ రాకుండా నిషేధం విధించింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కిలోకు 12 రూపాయలు నిర్ణయించి, అందులో 8 రూపాయలు కర్మాగారాలు, 4 రూపాయలు ప్రభుత్వం చెల్లించేలా ఏర్పాటు చేసింది. పొరుగు రాష్ట్రపు కాయ అంతకన్నా చౌకగా వచ్చిపడితే ఆ ఏర్పాటు నిలవదు. కోలారు జిల్లా శ్రీనివాసపురం రైతులకు చిత్తూరు కర్మాగారాలే పెద్ద మార్కెట్టు కాబట్టి, కర్ణాటక ముఖ్యమంత్రి సిద్ధరామయ్య నిషేధం ఎత్తివేయాలని కోరుతూ ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడుకు లేఖ రాశారు. దిగుమతి నిషేధం, మద్దతు ధర, పొరుగువారి నిరసన, సహకార స్ఫూర్తికి విజ్ఞప్తి అన్నీ వరుసగా నడిచిన ఈ ఘట్టంలో, ప్రపంచ వాణిజ్య వివాదం మొత్తం ఒక్క పంట కాలంలో కళ్ళకు కట్టింది. దేశంలో సరుకుల రవాణాకు స్వేచ్ఛనిచ్చే 301వ అధికరణం, రెండు రాష్ట్రాలకూ పైన ఉన్న కేంద్రం ఇక్కడ తగవును అదుపులో ఉంచాయి. దేశాల మధ్య ఆ పని చేయవలసిన ప్రపంచ వాణిజ్య సంస్థలో, తుది అప్పీళ్ళు వినే విభాగానికి కొత్త సభ్యుల నియామకాన్ని అమెరికా అడ్డుకున్నందువల్ల 2019 డిసెంబరు నుంచి ఆ విభాగం పనిచేయడం లేదు.

కుప్పం పరిసరాలలో తెలుగుతో పాటు తమిళం, కన్నడం చదవగలిగినవారు చాలామంది ఉన్నారు. 1997లో ఇక్కడ ద్రావిడ విశ్వవిద్యాలయం ఏర్పడడానికి ఒక కారణం ఈ భాషల కూడలే. ఈ భాషాజ్ఞానం అంతర్జాతీయ సంబంధాల విద్యార్థికి పెద్ద పెట్టుబడి. పాలారు మీద గాని, తోతాపురి మీద గాని వివాదం వచ్చిన వారంలో ఒక తెలుగు పత్రికను, ఒక తమిళ పత్రికను, ఒక కన్నడ పత్రికను పక్కపక్కన పెట్టుకుని చదివితే, ఏ పత్రికా అబద్ధం రాయకుండానే మూడూ మూడు వేర్వేరు కథలు ఎలా చెప్పగలవో తెలిసివస్తుంది: ఒకదానిలో చెక్‌డ్యాం తాగునీటి పథకం, మరొకదానిలో ఒప్పంద ఉల్లంఘన, ఇంకొకదానిలో లోపలి పేజీలో చిన్న వార్త. ఏ సంవత్సరం నుంచి కథ మొదలుపెట్టారు, ఎవరిని బాధితులుగా చూపించారు, ఏ అంకెను వదిలేశారు అన్నవి గుర్తించే అలవాటు ఇక్కడ ఏర్పడితే, ఒకే సరిహద్దు ఘర్షణ మీద ఢిల్లీ పత్రికను, ఇస్లామాబాద్ పత్రికను, బీజింగ్ పత్రికను చదివేటప్పుడు అదే అలవాటు పనికివస్తుంది. ఏ శిక్షణ కేంద్రమూ ఇంత చౌకగా, ఇంత లోతుగా ఈ విద్య నేర్పలేదు.

ఇక సిద్ధాంతాలు. పాఠ్యపుస్తకాలు సాధారణంగా వాస్తవికవాదంతో మొదలుపెడతాయి. పై అధికారం లేని లోకంలో ప్రతి రాజ్యమూ ముందుగా తన భద్రతను, తన బలాన్ని చూసుకుంటుందని, స్నేహాలు అవసరాన్ని బట్టి మారుతుంటాయని ఈ వాదం చెబుతుంది. దీనికి నిదర్శనం మదనపల్లె నేల చరిత్రలోనే ఉంది. మైసూరు యుద్ధాలలో ఈస్టిండియా కంపెనీ పక్షాన నిలిచిన నిజాం 1792లోను, 1799లోను టిప్పు సుల్తాన్ రాజ్యం నుంచి తన వాటాగా పొందిన ప్రాంతాలను, 1800 అక్టోబరు 12 నాటి సంధి ప్రకారం తిరిగి కంపెనీకే అప్పగించాడు. తన రక్షణకు నిలిపిన కంపెనీ సైన్యం ఖర్చుకు బదులుగా ఆ నేల పోయింది. దత్త మండలాలుగా పేరుపడ్డ ఆ ప్రాంతంలో భాగంగా, అప్పటి కడప జిల్లాలో మదనపల్లె కంపెనీ పాలన కిందికి వచ్చింది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా అది కడప జిల్లాలోనే ఉంది. చరిత్ర పుస్తకాలు సైన్య సహకార పద్ధతి అని పిలిచే ఈ ఏర్పాటును కూటమి రాజకీయాల పాఠంగా చదవాలి. బలవంతుడి రక్షణలోకి వెళ్ళినవాడు ఆ రక్షణకు ఏ రూపంలో మూల్యం చెల్లిస్తాడు, చెల్లింపు ఆగితే ఏమవుతుంది అన్న ప్రశ్నలు నాటో కూటమిలో రక్షణ వ్యయం పంపకం గురించి నేటికీ నడుస్తున్న వాదాల వెనుక కూడా ఉన్నాయి. ఒప్పందంలోని ఒక్కొక్క నిబంధనను చదివి, దాని పక్కన లాభపడినవారి పేరు, నష్టపోయినవారి పేరు రాసుకోవడం విద్యార్థి చేయవలసిన మొదటి అభ్యాసం.

రాజ్యాన్ని ఒకే మనిషిలా ఊహించి, భారత్ ఇలా అనుకుంది, చైనా అలా తలచింది అని రాయడం వార్తల భాషలో తప్పనిసరి కావచ్చు గాని అధ్యయనంలో అది పెద్ద అడ్డంకి. ఒక దేశం లోపల ఎన్ని ప్రయోజనాలు ఒకదానితో ఒకటి పెనుగులాడతాయో చూడాలంటే మదనపల్లె పట్టణంలోని నీరుగట్టువారిపల్లె మగ్గాల దగ్గరికి వెళ్ళాలి. పట్టుచీర నేసే మగ్గంలో పొడవునా సాగే పడుగుకు ఎగుడుదిగుడు లేని, తెగని సన్నని దారం కావాలి; మరమగ్గం వేగానికి తట్టుకునే అలాంటి దారం కోసం దేశంలోని నేతపరిశ్రమ చాలాకాలం చైనా ముడిపట్టు మీద ఆధారపడింది. అడ్డంగా పడే పేకకు ఇక్కడి దారం సరిపోతుంది. అదే సమయంలో మదనపల్లె, పలమనేరు, కుప్పం చుట్టుపక్కల మల్బరీ ఆకు కోసి, పురుగులకు వేసి, పట్టుగూళ్ళు అమ్ముకుని బతికే రైతులున్నారు. చైనా పట్టు చౌకగా వస్తే నేతగాడికి ఊపిరి ఆడుతుంది, గూళ్ళ రైతుకు ఊపిరి ఆగుతుంది. సుంకం పెంచితే ఇద్దరి స్థానాలూ తారుమారవుతాయి. ఒకే వీధిలో, ఒక్కోసారి ఒకే బంధువర్గంలో ఉన్న ఈ రెండు ప్రయోజనాలలో దేశ ప్రయోజనం ఏది?

ఆ ప్రశ్నకు ఢిల్లీ ఇచ్చిన జవాబులు కాలాన్ని బట్టి మారాయి. చైనా 2001 డిసెంబరులో ప్రపంచ వాణిజ్య సంస్థలో చేరింది. 2003లో భారతదేశం చైనా ముడిపట్టు మీద డంపింగ్ నిరోధక సుంకం విధించింది. ఉత్పత్తిదారు తన దేశంలో అమ్మే ధర కన్నా తక్కువకు విదేశంలో కుమ్మరించి అక్కడి పరిశ్రమను దెబ్బతీస్తున్నప్పుడు వేసే ప్రత్యేక పన్ను ఇది. 2011 బడ్జెట్‌లో నేత పరిశ్రమ మొర విని ముడిపట్టు మీద మామూలు దిగుమతి సుంకాన్ని 30 శాతం నుంచి 5 శాతానికి తగ్గించారు. గూళ్ళ రైతుల ఆందోళన తరువాత 2013 బడ్జెట్‌లో దాన్ని 15 శాతానికి పెంచారు. విదేశీ వాణిజ్యం రాజ్యాంగంలోని కేంద్ర జాబితాలో ఉంది, వ్యవసాయం రాష్ట్ర జాబితాలో ఉంది. అందువల్ల గూళ్ళ ధర పడిపోయినప్పుడు రైతు నిలదీసేది రాష్ట్ర ప్రభుత్వాన్ని, నిర్ణయం తీసుకునేది కేంద్రం. విదేశాంగ విధానానికి దేశీయ మూలాలు అన్న శీర్షికతో పుస్తకాలు పదుల పుటలలో వివరించేది ఇదే. చైనా సరిహద్దులోని గల్వాన్‌లో 2020 జూన్‌లో సైనికుల ప్రాణాలు పోయిన తరువాత కూడా, 2021లో భారత్, చైనాల మధ్య వాణిజ్యం 10,000 కోట్ల డాలర్లు దాటిందన్న సంగతి మగ్గం లోపలి లెక్క తెలిసినవారికి వింతగా తోచదు. సరిహద్దులో వైరం, మార్కెట్టులో ఆధారం ఒకే కాలంలో ఉండగలవు. వాటిని విడివిడిగా కొలవడం నేర్చుకోవాలి.

మదనపల్లె టమాట మార్కెట్టు గురించి తెలుగు పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు. 2023 జూలైలో ఇక్కడ ధరలు కనీవినీ ఎరుగని స్థాయికి చేరినప్పుడు, కేంద్ర సంస్థలు ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, మహారాష్ట్ర మార్కెట్లలో సరుకు కొని ఉత్తరాది నగరాలలో అమ్మాయి. ఆగస్టు 10న ఆర్థికమంత్రి నిర్మలా సీతారామన్ నేపాల్ నుంచి టమాట దిగుమతి చేసుకుంటున్నట్లు పార్లమెంటులో ప్రకటించారు. ఎగుమతి నిషేధాలు, అత్యవసర దిగుమతులు వినియోగదారుడి ఓటును చూసి జరుగుతాయా, రైతు ఓటును చూసి జరుగుతాయా అన్నది ఉల్లి, బియ్యం, గోధుమల విషయంలో కూడా ఇదే విధంగా పరిశీలించవచ్చు.

ఒక విధానం మారినప్పుడు దానికి కారణం వ్యక్తిలో ఉందా, రాజ్యంలో ఉందా, ప్రపంచ వ్యవస్థలో ఉందా అని మూడు అంతస్తులలో వెతకడాన్ని విశ్లేషణ స్థాయిలు అంటారు. అమెరికన్ పండితుడు కెన్నెత్ వాల్ట్జ్ 1959లో ప్రచురించిన గ్రంథం దీనికి ఆధారం. 1990ల ద్వితీయార్ధంలో కుప్పంలో ఇజ్రాయెల్ సాంకేతికతతో సాగిన వ్యవసాయ ప్రయోగాన్ని ఇలా చూడవచ్చు. చిన్న కమతాలను కలిపి, బిందుసేద్యం పరికరాలు అమర్చి, ఎగుమతికి పనికివచ్చే కూరగాయలు పండించాలన్న ఆ పథకం ఖర్చు మీద, గట్లు చెరిపివేయడం మీద విమర్శలు కూడా వచ్చాయి. అంతకు కొన్నేళ్ళ ముందు అలాంటి పథకం ఊహకు కూడా అందేది కాదు, ఎందుకంటే భారతదేశం 1950లోనే ఇజ్రాయెల్‌ను గుర్తించినా, పూర్తిస్థాయి దౌత్య సంబంధాలు 1992 జనవరి 29 నాటికి గాని ఏర్పడలేదు. ఆ నిర్ణయంలో ప్రధానమంత్రి పి.వి. నరసింహారావు పాత్ర ఎంత? ఇది వ్యక్తి స్థాయి. 1991 ఆర్థిక సంక్షోభం తరువాత కొత్త సాంకేతికత, కొత్త మార్కెట్ల కోసం ఢిల్లీ పడిన తపన ఎంత? ఇది రాజ్య స్థాయి. సోవియట్ యూనియన్ కూలిపోవడం, 1991 అక్టోబరులో మాడ్రిడ్‌లో అరబ్బులు, ఇజ్రాయెల్ ఒకే బల్ల దగ్గర కూర్చోవడం ఎంత? ఇది వ్యవస్థ స్థాయి. మూడింటిలో ఒక్కదానినే పట్టుకుని వాదించే వ్యాసం ఎంత చమత్కారంగా ఉన్నా దాన్ని అనుమానంతో చదవాలి. ఇక్కడ మాత్రం వ్యవస్థ స్థాయికే ఎక్కువ బరువు ఇవ్వడం సబబు. మాస్కో అండ, అరబ్బు దేశాల అభ్యంతరం రెండూ బలంగా ఉన్న రోజులలో ఎంత సాహసి అయిన ప్రధానికైనా ఆ నిర్ణయం కష్టమయ్యేది.

పుంగనూరు ఆవు కథ పొట్టిదే అయినా అందులో ఒక అంతర్జాతీయ నియమం పుట్టుక దాగి ఉంది. మీటరు ఎత్తు కూడా లేని ఈ జాతి అంతరించిపోయే దశకు వచ్చి, పరిశోధన కేంద్రాల వల్ల, పెంపకందారుల ఆసక్తి వల్ల మళ్ళీ పేరులోకి వచ్చింది. దీనికి చాలా ముందే ఒంగోలు జాతి పశువులు బ్రెజిల్ చేరి, అక్కడ నెలోర్ అనే పేరుతో ఆ దేశపు మాంస పరిశ్రమకు పునాది అయ్యాయి. ఆనాటికి జన్యు సంపద మీద పుట్టిన దేశానికి హక్కు ఉందన్న నియమం లేదు. 1992 నాటి జీవవైవిధ్య ఒడంబడిక ఆ హక్కును గుర్తించింది. 2010 నాటి నగోయా ఒప్పందం ప్రయోజనాల పంపకానికి నిబంధనలు చేర్చింది. 2012 అక్టోబరులో ఆ ఒడంబడిక సభ్యదేశాల సమావేశం హైదరాబాద్‌లో జరిగింది. ఒంగోలు గిత్త నియమానికి ముందు, పుంగనూరు ఆవు నియమానికి తరువాత అని గుర్తుంచుకుంటే, అంతర్జాతీయ చట్టాలు ఎవరి నష్టం నుంచి ఎలా పుడతాయో బోధపడుతుంది.

రాజ్యాలు పోట్లాడడం తప్ప మరేమీ చేయవన్న భావన కూడా అసంపూర్ణమే. సహకారం సాధ్యమని, సంస్థలు, వాణిజ్యం, భావాలు రాజ్యాల ప్రవర్తనను మార్చగలవని చెప్పేది ఉదారవాదం. మదనపల్లె పక్కన ఆరోగ్యవరంలో డెన్మార్క్‌కు చెందిన వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ నెలకొల్పిన క్షయ చికిత్సాలయం దీనికి సాక్ష్యం. భారతదేశంలో క్షయ నిరోధక బీసీజీ టీకాను 1948లో తొలిసారి ప్రయోగాత్మకంగా ఇచ్చిన రెండు కేంద్రాలలో మదనపల్లె ఒకటి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పుట్టింది ఆ ఏడాదే. ప్రచ్ఛన్న యుద్ధం ముదురుతున్నదీ ఆ ఏడాదే. అంతకు ముందు 1919 ఫిబ్రవరిలో, పారిస్‌లో విజేతలు శాంతి సంధి షరతులు రాస్తున్న సమయాన, రవీంద్రనాథ్ ఠాగూర్ మదనపల్లెలోని బిసెంట్ దివ్యజ్ఞాన కళాశాలలో ఉండి జనగణమన గీతాన్ని ఇంగ్లీషులోకి అనువదించారు. కళాశాల ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ ఐర్లండ్ కవి, గీతానికి స్వరలిపి సిద్ధం చేసిన ఆయన భార్య మార్గరెట్ కజిన్స్ మహిళల ఓటు హక్కు కోసం పోరాడిన మనిషి. కళాశాలను స్థాపించిన అనీబిసెంట్ 1916లో ప్రారంభించిన హోంరూల్ ఉద్యమానికి పేరుతో సహా ఐర్లండ్ ఉద్యమమే స్ఫూర్తి. ఆయుధాలు, సుంకాలతో పాటు భావాలు కూడా సరిహద్దులు దాటి రాజ్యాల తలరాత మారుస్తాయని చెప్పడానికి ఇది బలమైన ఆధారం. ఇదే ఊళ్ళో 1895లో జన్మించిన జిడ్డు కృష్ణమూర్తి దేశభక్తి పేరిట జరిగే విభజనే యుద్ధానికి మూలమని జీవితాంతం బోధించారు. విదేశాంగ అధికారి ఆ మాటతో పని నడపలేకపోవచ్చు. విద్యార్థి మాత్రం ఆ ప్రశ్నను ఎదుర్కోకుండా ముందుకు పోకూడదు.

మారుతున్న రాజకీయాలను అర్థం చేసుకోవడానికి కౌటిల్యుడి షాడ్గుణ్యం ఈనాటికీ పనికివస్తుంది. సంధి, విగ్రహం, ఆసనం, యానం, సంశ్రయం, ద్వైధీభావం అనే ఆరింటిలో చివరిది, అంటే ఒకరితో సంధి, మరొకరితో విరోధం ఏకకాలంలో నడపడం, నేటి ఢిల్లీ వ్యవహారాన్ని కొంతవరకు వివరిస్తుంది గాని పూర్తిగా వివరించదు. అమెరికా, జపాన్, ఆస్ట్రేలియాలతో క్వాడ్‌లోను, రష్యా, చైనాలతో బ్రిక్స్‌లోను ఉన్న దేశం ఎవరితోనూ విరోధం కోరడం లేదు. ఎవరి గొడుగు కిందికీ పోకుండా నిర్ణయ స్వేచ్ఛను కాపాడుకోవాలనే ఈ ధోరణిని వ్యూహాత్మక స్వయంప్రతిపత్తి అంటారు. దానికీ ఖర్చు ఉంది. 2025 ఆగస్టులో అమెరికా భారత సరుకుల మీద సుంకాన్ని 50 శాతానికి చేర్చినప్పుడు, అందులో సగం రష్యా చమురు కొన్నందుకు వేసిన అదనపు సుంకం. ఆ భారం ఆంధ్ర తీరంలోని రొయ్యల రైతు మీద పడింది. మూడు ప్రశ్నలలో చివరిదైన ఖర్చు ఎవరిది అన్న ప్రశ్నకు జవాబు తరచుగా నిర్ణయం జరిగిన చోటికి చాలా దూరంలో దొరుకుతుంది.

ఆచరణలో ఇదంతా క్రమశిక్షణ కోరుతుంది. ఒక విషయాన్ని ఎంచుకుని కనీసం ఆరు నెలలు దానితోనే ఉండాలి. వ్యాఖ్యానం చదివే ముందు మూలపత్రం చదవాలి: ఒప్పందం పాఠం, సుంకాల నోటిఫికేషన్, పార్లమెంటులో ప్రశ్నకు మంత్రి ఇచ్చిన లిఖితపూర్వక సమాధానం, విదేశాంగ శాఖ విడుదల చేసిన ఉమ్మడి ప్రకటన. ఇద్దరు నాయకులు కలిసిన తరువాత రెండు దేశాలూ విడివిడిగా ప్రకటనలు ఇస్తే వాటిని పక్కపక్కన ఉంచి చూడాలి; ఒకదానిలో ఉండి మరొకదానిలో లేని వాక్యంలోనే అసలు విభేదం ఉంటుంది. ఉమ్మడి ప్రకటన రాజకీయ వాగ్దానం, సంధి చట్టబద్ధమైన బాధ్యత. ఈ తేడాను పత్రికలు తరచుగా చెరిపేస్తుంటాయి. గోడకు ఒక భౌతిక పటం ఉండాలి, రాజకీయ పటం ఒక్కటే చాలదు; కొండలు, నదులు, జలసంధులు కనిపించని పటం మీద హోర్ముజ్ గాని, మలక్కా గాని అర్థం కావు.

అన్నిటికన్నా ముఖ్యమైన అభ్యాసం ముందస్తు అంచనా రాయడం. ఫలానా చర్చలు ఫలానా నెలలోగా ఫలిస్తాయా, విఫలమవుతాయా అని తేదీ వేసి, కారణాలతో సహా నోటుపుస్తకంలో రాసుకుని, ఆ తేదీ వచ్చినప్పుడు తెరిచి చూడాలి. అంచనా తప్పితే ఏ స్థాయిలోని కారణాన్ని తక్కువగా తూచామో పక్కనే రాయాలి. జరిగిపోయాక అంతా ముందే తెలిసినట్లు మాట్లాడడం ఈ రంగంలో అందరికీ అంటుకునే జబ్బు. దానికి ఈ నోటుపుస్తకం ఒక్కటే మందు. దేశం మీద ప్రేమ ఉన్నవారు కూడా అవతలి పక్షం వాదనను ఆ పక్షం వారు ఒప్పుకునేంత న్యాయంగా ఒక పుట రాయగలగాలి. అది దేశద్రోహం కాదు, చర్చల గదిలో కూర్చునే ప్రతి దౌత్యవేత్త రాత్రి చేసే పని అదే.

అభ్యాసానికి విషయం వెతుక్కోనక్కరలేదు. గంగాజలాల పంపకం మీద 1996 డిసెంబరు 12న భారత్, బంగ్లాదేశ్ కుదుర్చుకున్న సంధికి ముప్పై ఏళ్ళ గడువు 2026 డిసెంబరుతో తీరుతుంది. ఫరక్కా బ్యారేజి వద్ద ఎంత నీరుంటే ఎవరి వాటా ఎంతో చెప్పే ఆ సంధి చిన్న పత్రమే, అందరికీ అందుబాటులో ఉన్నదే. మదనపల్లె, పుంగనూరు, కుప్పం కళాశాలల విద్యార్థులు ముందు 1892 నాటి మద్రాసు, మైసూరు ఒప్పందాన్ని చదివి, ఆ వెంటనే ఈ సంధిని తీసుకుని, ఢాకా వాదనకు ఒక పుట, కోల్‌కతా వాదనకు ఒక పుట, ఢిల్లీ వాదనకు ఒక పుట రాసి, చివర తమ అంచనాను తేదీతో సహా నమోదు చేయాలి.